గంపకు ఓ చెయ్యి

పెళ్లయి నెల దాటినా మాధవీలతకు రోజూ పండగలాగే ఉంది. శామీర్‌పేట చెరువు మీది నుంచి వచ్చే తడిగాలి, మలుపు తిరుగుతూ మల్లేష్ ఆటో కొట్టే హారన్, తన పట్టీల చప్పుడు తనకే వినిపించడం, అన్నీ ఆమెకు ముద్దుగానే ఉన్నాయి. సాయంత్రం అత్త ఇచ్చే పాలు కూడా ఎంత కమ్మగా ఉండేవో!

"మీ ఇంట్ల పాలు గూడ తియ్యగుంటయి," అంది ఒకరోజు మొగుడితో.

"కొత్తల అన్నీ గట్లనే ఉంటయి తియ్," అని మల్లేష్ నవ్వాడు.

ఆ ఇంటి దిగులంతా అత్త యాదవ్వ కుడిచేతిలో ఉంది. ఆమె వయసంతా చేపల గంప మోసిన మనిషి. పోయిన చలికాలం చెరువుకట్ట మీద జారిపడితే మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా చేతికి బలం రాలేదు. కోడలు వచ్చాక చూపిస్తే, మేడ్చల్ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ముట్లు ఆగాక ఎముకలు పలచబడతాయని, కండ కరిగిపోతుందని చెప్పింది. గుడ్డు, చేప, పప్పు, పాలు రోజూ తీసుకోవాలి. చాలకపోతే ప్రోటీన్ పొడి తాగాలి. కొద్దికొద్దిగా బరువులెత్తడం అలవాటు చేసుకోవాలి. డిగ్రీలో పోషకాహారం చదివిన మాధవీలత ఆ రోజే డబ్బా కొని అత్త చేతిలో పెట్టింది.

కట్ట మీద ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. నిండు గంప ఒక్కరితో లేవదు. ఇద్దరు చెరో పక్క పట్టి నెత్తికెత్తాలి. ఎత్తించుకున్నవాళ్లు తిరిగి చెయ్యి పట్టాలి. యాదవ్వ చెయ్యి విరిగాక ఆమె గంపను జాలిపడి ఎత్తేవాళ్లు కానీ, తమ గంప దగ్గరికి ఆమెను పిలిచేవాళ్లు కాదు.

"మిరుగం కార్తె దాంక జూస్త," అన్నాడు మామ లింగస్వామి. "గప్పటికి గూడ నిన్నెవ్వరు పిలువకుంటె ఇగ ఇంటికాడ కూసో."

యాదవ్వ పెరట్లోకి వెళ్లి మొహానికి కొంగు కప్పుకుంది.

డబ్బా సగం ఖాళీ అయింది. చేతిలో మాత్రం బలం లేదు. ఒక సాయంత్రం అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి వెళ్లిన మాధవీలత గడపలోనే ఆగిపోయింది. యాదవ్వ కొత్త గ్లాసులో పొడి వేసి కలుపుతోంది. అది కోడలి గ్లాసు.

"అత్తమ్మా! అవి నా పాలు గదా?"

"మెల్లగ మాట్లాడు, మీ మామ ఇంటడు. నాకెందుకే బిడ్డా గది? ముట్లాగి ఏండ్లాయె, నా కడుపు పని ఒడిసింది. రేపు మొయ్యాల్సిందానివి నువ్వు. బలం నీకు గావాలె."

మాధవీలతకు పాలలోని తీపి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. చేపల పులుసు వండిన రోజు నడిమి ముక్కలు మగవాళ్లకు, తర్వాతి మంచి ముక్క కొత్త కోడలికి. తన కంచంలో పడిన ముక్కను చూసి మురిసిందే తప్ప, అత్త తోకముక్కతో అన్నం ముగించడం ఒక్కనాడూ చూడలేదు.

"ఇన్నేండ్లు గంపను కడుపుతోని లేపినవా అత్తమ్మా?" అంది. "కడుపు పని ఒడిసిందనుకో. చేతి పని ఒడిసిందా?"

యాదవ్వ చెంచా కింద పెట్టి చాలాసేపు తన మణికట్టునే చూసుకుంది.

ఆ రోజు నుంచి అత్తాకోడళ్లది ఒకటే కంచం. అత్త ముద్ద పెట్టుకుంటేనే కోడలు పెట్టుకునేది. పొడి కలిపిన పాలు ఎదురుగా తాగించేది.

"ఒక్క కంచంల తినాల్సింది నేను గదనే!" అని మల్లేష్ అలిగాడు.

"నువ్వు పోయి ఆటోల తిను, పో," అంది యాదవ్వ. అందరూ నవ్వారు.

చేతులు ఆనించకుండా పీట మీది నుంచి లేవడం, రెండు చేతులా నీళ్ల చెంబులు పట్టుకుని నిలబడడం, ఆపైన గంపలో ఇసుక పోసి ఎత్తడం, ఇవన్నీ అత్తతో రోజూ చేయించింది. నొప్పి పుట్టిన రోజు మాధవీలత కొంత ఇసుక తీసేసేది, తగ్గాక దోసెడు కలిపేది. "చేపలు బంద్ జేసి ఇసుకమ్ముతరా?" అని లింగస్వామి ఎగతాళి చేసినా ఆపలేదు.

మృగశిర కార్తె వచ్చింది. ఊరూ పట్నమూ చేపలు తినే రోజు. తెల్లారేసరికి కట్టంతా గంపలే. చేపలమ్మే జంగమ్మ గంప అంచుదాకా నిండింది. చెయ్యి పట్టేవాళ్ల కోసం ఆమె అటూ ఇటూ చూస్తోంది. కోడలితో వచ్చిన యాదవ్వ వెళ్లి గంపకు అవతల నిలబడింది.

"నువ్వా? వద్దక్కా. నీ చెయ్యి జారితె మిరుగం పూట నా చేపలు మన్నుపాలైతయి."

"జారితె నా గంప నువ్వు తీస్కపో. పట్టు."

ఇద్దరూ మోకాళ్లు మడిచి అంచులు పట్టారు. గంప లేచింది. నడుము దాటాక అత్త మణికట్టు వణకడం చూసి మాధవీలత ఊపిరి బిగపట్టింది. వణుకుతూనే ఆ చెయ్యి పైకి పోయింది. గంప జంగమ్మ నెత్తి మీది చుట్టబట్టపై కుదురుగా కూర్చుంది.

జంగమ్మ కొంచెం దూరం నడిచి, తల తిప్పకుండానే అరిచింది. "యాదక్కా! రేపు నాకంటె ముందుగాల రా. ఇంకోల్లను పిలువ."

యాదవ్వ కొంగుతో అరచేతులు తుడుచుకుని, సగమే నింపుకున్న తన గంప దగ్గరికి వచ్చింది. కోడలి కళ్లు తడిగా ఉండడం చూసింది.

"ఏడుస్తవేందే? గంప పట్టు," అంది. కాసేపటికి, ఎన్నడూ అనని మాట అంది.

"ఆకలైతాంది బిడ్డా. మాపటికి నాకో నడిమి ముక్క ఉంచు."