కంత మీద పెళ్లిచాపలు

వైసోలో అనే దీవి ఊళ్లో ఎపరామా నోరు విప్పితే సముద్రం కూడా అల ఆపుకుని వింటుందని చెబుతారు. చెప్పేది ఎపరామానే అనుకోండి. ఒకసారి సొరచేపను తోకపట్టి ఒడ్డుకీడ్చి, పిల్లలు గలదని జాలిపడి వదిలేశాడట. అది ఏటేటా వచ్చి పలకరించి పోతుందట. మొన్నటి తుఫాను మాత్రం పలకరించకుండానే ఆయన ఇల్లు సగం విప్పుకుపోయింది. పడమటి రేకులు ఎగిరిపోతే టార్పాలిన్ కట్టాడు. వానకు నానీ నానీ గుంజల మీద ఎత్తున నిలిపిన ఆ ఇంటి నేలపలకలు కుళ్లి, మేక దూరేంత కంత పడింది. వాన పడ్డప్పుడల్లా భార్య కెలేరా పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చుని దగ్గుతూ ఉండేది.

ఇళ్లు బాగుచేసుకోవడానికి సర్కారు రేకులూ కలపా ఇస్తోందనీ, చూసి రాసుకోవడానికి పట్నం నుంచి అధికారిణి వస్తోందనీ ఊరిపెద్ద చాటాడు. ఈ విడత తప్పితే మళ్లీ వానాకాలం వెళ్లాకే.

ఆమె వచ్చే రోజు పొద్దున్నే ఎపరామాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వచ్చేది అతిథి. అతిథిని కూర్చోబెట్టేది ఇంటి పైతట్టున, గుమ్మానికి దూరంగా ఉండే పెద్దల చోట. కంత ఉన్నది సరిగ్గా అక్కడే. మరుగుదొడ్డి తలుపు ఊడబెరికి కంత మీద పరిచాడు. మరదలు కూతురి పెళ్లికని దాచుకున్న మొగలాకు చాపలు అడిగి తెచ్చి దాని మీద వేశాడు. టార్పాలిన్ కనబడకుండా చెట్టు బెరడుతో చేసి అచ్చులు వేసిన గుడ్డ పైన కట్టాడు.

"ఆ పిల్ల వచ్చేదే కంత చూడ్డానికి కదయ్యా," అంది కెలేరా.

"ముందు నాలుగు మెతుకులు తిననీ. ఆనక చూపిద్దాం."

అధికారిణి మెరెసేని వచ్చింది. అతిథులకిచ్చే యంగోనా వేరు కషాయం తాగింది, కొబ్బరిపాల చేపా కర్రపెండలమూ తింది, చుట్టూ చూసింది.

"ఎన్ని ఊళ్లు తిరిగానో తాతా, ఇంత ముచ్చటైన ఇల్లు చూడలేదు. తుఫాను మీ జోలికి రాలేదా?"

అదిగో, అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. కానీ గుమ్మంలో బావ సకియుసా చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆ ఊళ్లో బావలు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే తిన్నది అరగదు.

"రాకేం తల్లీ, గుమ్మం దాకా వచ్చింది. 'ఎపరామా ఇల్లా ఇది, పొరపాటైపోయింది' అని వెనక్కి తిరిగిపోయింది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూనే 'సాయం అక్కర్లేదు' అని రాసుకుని లేచింది. కెలేరా ఖాళీ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

"మా ఇంటికి రామ్మా," అన్నాడు సకియుసా. "గొడుగు మాత్రం తెచ్చుకో, లోపల కూర్చోవాలంటే కావాలి."

వాళ్లటు వెళ్లగానే కెలేరా చాపలు చుట్టడం మొదలుపెట్టింది. "పెళ్లివి కదా, మరక పడకుండా ఇచ్చెయ్యాలి," అంది. తలుపు కూడా పక్కకు లాగింది. కంతలోంచి కింద కోడి ఒకటి తలెత్తి ఎపరామాను చూసింది.

ఆయన ఒడ్డుకు నడిచాడు. మెరెసేని ఎక్కబోతున్న పడవ చుట్టూ ఊరంతా ఉంది.

"తల్లీ, తుఫాను వెనక్కి తిరగలేదు."

"ఏమిటి తాతా?"

"లోపలికే వచ్చింది. ఇందాక నువ్వు కూర్చుని తిన్నది మా మరుగుదొడ్డి తలుపు మీద. దాని కింద కంత."

ఊరు గొల్లుమంది. మెరెసేనికీ నవ్వాగలేదు. "భలే చెబుతారు తాతా," అంటూ పడవలో కాలు పెట్టింది.

"నిజం తల్లీ," అన్నాడు. ఆ మాట ఆ గొంతులో ఎవరూ విని ఎరగరు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఆమె ఆయన ముఖంలోకి చూసి, కాలు వెనక్కి తీసుకుంది.

ఇంట్లో కెలేరా ఎదురొచ్చింది. చాపలూ గుడ్డా తీసేసిన ఇల్లు ఒలిచిన పండులా ఉంది. "ఆయన తప్పు కాదమ్మా. చాపలు పరవమన్నది నేనే," అంది.

ఎపరామాకు చెవుల దాకా మండింది. నలుగురిలో నాలుగు తిట్టినా ఇంతకంటే బాగుండేది. కాదు, తనేనన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

మెరెసేని కంత కొలిచి, కప్పు కొలిచి, ఫోను తీసింది. "పాడైన చోట ఇంటి యజమాని నిలబడాలి తాతా. అలా ఫొటో ఉంటేనే పైవాళ్లు నమ్ముతారు."

ఆయన కంతలోకి దిగాడు. నేలపలకలు నడుం దాకా వచ్చాయి. గుమ్మం నిండా, కిటికీ నిండా ముఖాలే.

"బావా, అక్కడేమైనా సొరచేప తగిలిందా?" అన్నాడు సకియుసా.

బదులు కోసం ఊరంతా ఆయన వైపు చూసింది. ఎపరామా కుళ్లిన పలక అంచు పట్టుకుని కంత నడిమికి జరిగాడు. సకియుసా దగ్గి, పక్కకు చూశాడు.

"తల ఎత్తండి తాతా, ముఖం పడాలి," అంది మెరెసేని మెల్లగా.

ఆమె ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. తల ఎత్తడానికి ఎపరామాకు చాలాసేపే పట్టింది.