ముట్టడికి జొన్నలెవరు మోశారు

కల్లూరు అవతలి తండాలో రూప్లి రోజూ సాయంత్రం ఏడింటికి చీపురు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. రాజుల సీరియల్ వచ్చే వేళ అది. సీరియల్లో వాన పడితే ఆ ఇంట్లో గచ్చు తడుస్తుంది, గుర్రాలు పరిగెడితే దుమ్ము పడుతుంది, యుద్ధం జరిగితే నాలుగు బాణాలు వచ్చి గడప దగ్గర రాలతాయి. ఆ బాణాలు కొడుకు సోమ్లాకు చిక్కుడు పాదులు పాకించడానికి పనికొచ్చాయి. ఒకసారి మెకానిక్ వచ్చి చూసి, "సౌండ్ మంచిగనే ఉంది గదా" అని చాయ్ తాగి పోయాడు.

రూప్లి కోపం దుమ్ము మీద కాదు. దుమ్మును ఊడ్చేయొచ్చు. తనలాంటి డెబ్బై ఏళ్ల మనిషిని ముందు కూర్చోబెట్టి అబద్ధాలు చెబుతారే, దాని మీద.

"ఆరు నెలల సంది కోట సుట్టూ కూసున్నరు. ఒక్కని బట్టకు మట్టి లేదు. రాణి నగలతోనే పండుకుంటది. గింతమందికి తిండి యాడికెళ్లి వస్తుందే?" అంది మనవరాలు కవితతో.

"సీరియల్ల తిండి గిండి సూపియ్యరు దాదీ," అంది కవిత ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"ఎందుకు సూపియ్యరు? మన లంబాడోళ్లు ఎద్దుల మీద జొన్నలు, ఉప్పు మోస్తేనే గదా ఫౌజులు బతికినయ్. మా తాతల తాత వెయ్యి ఎద్దులు తోలిండట. ఒక్క ఎద్దు తోకన్నా కనపడుతదేమో అని సూస్తున్న."

ఆ సోమవారం ఎద్దులు కనపడలేదు గానీ ఒక కుర్రవాడు కనపడ్డాడు. తలపాగా, చెవిపోగులు, భుజాన జొన్నల గోతం. రూప్లి చీపురు పక్కన పడేసి ముందుకు జరిగింది. అంతలోనే భటులు అతన్ని పట్టుకుని రాజు కాళ్ల ముందు పడేశారు. రాజుగారి ధాన్యం దొంగిలించాడట. రేపే ఉరి అన్నారు.

చివర్లో పేర్లు పడ్డాయి. "పిలగాని పేరేందో సదువు," అంది రూప్లి.

"పేరు లేదు దాదీ. దొంగ అనే రాసిన్రు."

రూప్లికి ఒళ్లు మండిపోయింది. మోసుకొచ్చి పెట్టినవాడే దొంగయ్యాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి రాజుకే కాదు, ఆ కథ రాసినవాడికీ ఉంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మంగళవారం చీపురుకు బదులు చెంబుతో నీళ్లు తెచ్చుకుని కూర్చుంది. కుర్రవాణ్ని ఉరికంబం ఎక్కించారు. అతని గోతం సాక్ష్యంగా పక్కనే పెట్టారు. తలారి తాడు సరిచేస్తుండగా రూప్లి లేచి, మోచేతి దాకా గాజులున్న చేతిని తెరలోకి పెట్టి, అతని చొక్కా పట్టి లాగింది. అతను గచ్చు మీద పడ్డాడు. వెనకే గోతం పడింది. సోమ్లా లేచి గోతాన్ని గోడ వారకు జరిపాడు.

"ముందుగాల నీళ్లు తాగు," అంది రూప్లి తండా భాషలో. "నీ పేరేంది?"

"జైరాం, యాడీ."

ఆమెను అమ్మా అని పిలిచి అతను ఏడ్చాడు. ఆ సీరియల్లో అన్నాళ్లలో అతని పేరు అడిగినవాళ్లు లేరు.

బుధవారం నుంచి సీరియల్లో వంట పొయ్యిలు వెలగలేదు. గురువారం సైనికులు తోళ్లు నానబెట్టుకుని తిన్నారు. శుక్రవారం రాణి చిక్కిపోయి, ఆమె గాజులు జారి రూప్లి గచ్చు మీద దొర్లాయి. ఈ లోగా జైరాం సోమ్లాతో కలిసి మిరపచేనుకు నీళ్లు కడుతున్నాడు. ఎద్దులేవని అడిగితే సోమ్లా ట్రాక్టర్ చూపించాడు.

మళ్లీ సోమవారం రాజే తెర అంచుకు వచ్చాడు. కిరీటం చెవుల దాకా దిగిపోయింది. చేయి బయటికి చాపాడు.

"తల్లీ, పిడికెడు జొన్నలు ప్రసాదించు."

"ఎవల్ని అడుగుతున్నవ్? దొంగనా?"

రాజు తల దించుకున్నాడు. "అతని పేరు తెలియదు."

"ఆరు నెలలు తిన్నవ్. పేరు అడగనీకె నోరు రాలేదా? మోసిన భుజం గుర్తు లేదు, ఉరితాడు గుర్తున్నది. గా పిలగాడు గిప్పుడొస్తడు. నువ్వే అడుగు."

జైరాం బురద కాళ్లతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. రాజు అతని వైపు తిరిగాడు. వెనక సైన్యమంతా నిలబడి ఉంది.

"నీ పేరేమిటి, నాయనా?"

"జైరాం నాయక్."

అతను గోతం మూతి విప్పి, సగం జొన్నలు రాజు పైపంచెలో పోశాడు. మిగతా సగం వెనక్కి జరుపుకున్నాడు. తెరలోకి మాత్రం పోలేదు. ఆ రోజు చివర పడిన పేర్లలో జైరాం నాయక్ అని ఉంటే, రూప్లి దాన్ని కవిత చేత రెండుసార్లు చదివించుకుంది.

"ఎద్దుల్ని ఇంకా సూపియ్యలే," అని గొణుక్కుంటూ లేచింది.

తర్వాత సోమ్లా తిరగాల్సిన చోటల్లా తిరిగి జైరాం పేరును రేషన్ కార్డులో ఎక్కించాడు. మొదటి నెల ఆరు కిలోల బియ్యం వచ్చాయి. అలవాటు కొద్దీ జైరాం మూటను భుజానికెత్తుకుని బస్సులు, ఆటోలు తిరిగే రోడ్డు మీద పట్టపగలు తండాకు నడిచి వచ్చాడు. దారిలో ఎవరూ అతన్ని ఆపి, ఇవెక్కడ దొంగిలించావని అడగలేదు.