పందుల మైకులో నా పాట

అనంతపురంలో కాలేజీ చదివే ఆశ్రితక్క, మా పెద్దనాయన కూతురు, వినాయక చవితికి వచ్చినప్పుడు ఆమె తలకు రెండు పక్కలా జుట్టు లేదు. మధ్యలో మాత్రం కోడిపుంజు తురాయిలా నిలబడి ఉంది. చొక్కా నిండా పిన్నీసులు.

నాయన ఆమె తలను చాలాసేపు చూశాడు.

"తీసిన జుట్టు యాడ పెట్టినావు పాపా?"

"షాపులోనే వదిలేసినా చిన్నాయనా."

"తెచ్చింటే ఒక గట్టుకు సరిపోయేది."

మా ఊళ్ళో కటింగ్ షాపు జుట్టును ముందే చెప్పిపెట్టుకుని తెచ్చుకుంటారు. గట్ల మీద చల్లితే, మనిషి వాసనకు అడవిపందులు వేరుశనగ జోలికి రావని నమ్మకం.

ఆ వేషాన్ని పంక్ అంటారని అక్క నాకు చెప్పింది. అది పాట కూడానట. సంగీతం రానక్కర్లేదు. గిటారు తీగల మీద వేళ్ళు మూడు రకాలుగా పెట్టడం వస్తే చాలు, కోపం వచ్చిన సంగతి గొంతు పగిలేలా అరవాలి.

"నాకు కోపం రాదక్కా," అన్నాను.

అక్క నా డైరీ తిరగేసింది. "ఇదంతా ఏందే మరి?"

బడిలో హాజరు పిలిస్తే పక్కమ్మాయికి వినపడేంతే పలుకుతాను నేను. కానీ ఆ మధ్యాహ్నం చేలో ఎవరూ లేరు. అక్క వెంట తెచ్చుకున్న గిటారు వాయించింది, నేను డైరీ చూసి అరిచాను. పందులను బెదిరించడానికి నాయన పెట్టిన సోలార్ మైకు పెట్టెకు ఎర్ర బొత్తాం ఉంది. అది నొక్కి పాటను అందులోకే ఎక్కించాం. నాయన గొంతుతో ఉన్న "హోయ్ హోయ్" చెరిగిపోయిందని మాకు తెలియదు. అక్క మూడింటి బస్సుకు వెళ్ళిపోయింది.

పొద్దు గూకగానే నాయన మైకు వేశాడు.

*హాజరు పిలిస్తే పలకను పో*
*సంగటి పెడితే తినను పో*
*వానా, నువ్వూ రావద్దు పో*

నాయన పెట్టెను నాలుగు వైపులా తట్టి చూశాడు. అమ్మ చెవి ఒగ్గి వింది.

"ఎవురి బిడ్డో, సంగటి తినదంట. వాళ్ళమ్మ ఎట్ల పెంచిందో."

నేను సంగటి ముద్ద మింగుతూ తల ఊపాను.

తెల్లారి చూస్తే చేలో ఒక్క పంది అడుగు లేదు. పక్క చేను అంజినప్ప పాటను తన మైకు మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాడు. వారానికల్లా ఏడు ఊళ్ళ చేలల్లో నేను అరుస్తున్నాను. బడిలో హాజరు పిలిస్తే క్లాసంతా "పలకను పో" అంది. నేనొక్కదాన్నే ప్రెజెంట్ అన్నాను. సారుకు వినపడక ఆబ్సెంట్ వేశాడు.

మూడో వారం అంజినప్ప వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

"పందులకు పాట నచ్చినట్టుండాది గంగాధరన్నా. అయిపోయేదాకా నిలబడి విని, ఆ తర్వాత మేసి పోయినాయి."

మా చేలోనూ పది సాళ్ళు తవ్వేశాయి. కాయ ఊరడానికి ఇంకా ఇరవై రోజులు ఉంది. ఈ ఏడాది వచ్చింది ఆ ఒక్క పంటే. నాయన ఆశ్రితక్కకు ఫోన్ చేశాడు.

"ఇంకో పాట కావల్ల పాపా. నువ్వే కదా పాడింది?"

"నేను వాయించినా, అంతే. పాడినోళ్ళు మీ ఇంట్లోనే ఉండారు," అని అక్క ఫోన్ పెట్టేసింది.

నాయన అమ్మ వైపు తిరిగాడు. "నువ్వా?"

"నాకు సంగటంటే ప్రాణమప్పా," అంది అమ్మ.

"నేను," అన్నాను. ఎవరికీ వినపడలేదు. నాయన, పందులు తవ్విన సాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ అన్నాను. మూడోసారి అన్నప్పుడు గట్టు పక్కన కట్టేసిన మేకలు తాడు తెంపుకుని పరుగెత్తాయి.

నాయన లేచి మైకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఆ గొంతే. మళ్ళా అట్లే అను."

అమ్మ తాళిబొట్టుకు ఎప్పుడూ ఐదారు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తీసి, అరిచేటప్పుడు జారకుండా నా చున్నీకి గుచ్చింది.

"పాడు. సంగటి మాట మాత్రం ఎత్తొద్దు."

డైరీ తెరిచాను. ఆ రోజు పేజీ సంగటితోనే మొదలైంది. ఎర్ర బొత్తాం నొక్కాను.