ఇరవై మూడో లైను

పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు తాళం తీయగానే హెలెన్ ముందు చూసేది కంప్యూటర్ తెరని కాదు, దాని కింద పెట్టిన స్టీలు పళ్లేన్ని. రాత్రి కారిన నీళ్లు అందులో నిలిచి ఉండేవి. వాసన చూసి, వాష్‌బేసిన్‌లో పారబోసి, పళ్లెం తుడిచి అక్కడే పెట్టి, అప్పుడు కుర్చీ లాక్కునేది.

విజయవాడ గవర్నర్‌పేటలో బల్బుల హోల్‌సేల్ దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. వేటకెళ్లే పడవలవాళ్లకి గాలి ఎటుందో, అల ఎంత లేస్తోందో ఫోన్లో చెప్పడం దాని పని. ముప్పై మంది ఒకేసారి చేసినా అందేలా పడవలవాళ్ల సంఘం ఒక డిజిటల్ లైను తీసుకుంది. ఒక్క తీగలో ముప్పై మాటలు నడుస్తాయి. హెలెన్ మూలన పడేసిన కంప్యూటర్ ఒకటి దులిపి, లైనక్స్ ఎక్కించి, ఆ తీగని అందుకునే కార్డు బిగించి, నెల రోజులు దాంతో కుస్తీ పట్టి చివరికి హలో అనిపించింది. ఎక్కడెక్కడి వాళ్లో కూర్చుని రాసి ఊరికే పంచిపెట్టిన ప్రోగ్రాములవి. ఎక్కడ ఆగిపోయినా లోపలికి చూసి సరిచేసుకోవచ్చు. అదీ ఆమె ధీమా.

నీళ్లు వచ్చేది ఆ కార్డులోంచే. ఫోన్ చేసినవాడు ఎక్కడ నిలబడితే అక్కడి నీళ్లు. కొల్లేరు నుంచి చేస్తే నాచు వాసన, బందరు కాలవ గట్టు నుంచి చేస్తే గుర్రపుడెక్క వాసన, సముద్రం మీంచి చేస్తే ఉప్పు. కార్డుకి మాత్రం ఏమీ అయ్యేది కాదు. మొదట్లో లైన్‌మన్ వచ్చి చూసి, లైను దివిసీమ దాకా పోతోంది కదండీ, నీళ్లు రాక ఏమొస్తాయి అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. పళ్లెం పెట్టింది మేనేజరు జయపాల్ గారు.

ఆ ఏడు శ్రావణంలో నాగాయలంక అవతల నుంచి వేటకెళ్లిన అన్నదమ్ములిద్దరు తిరిగి రాలేదు. పెద్దవాడు నాగులు, చిన్నవాడు హేమసుందర్. నాగులు గొంతు హెలెన్‌కి బాగా తెలుసు. రోజూ వేటకి ముందు ఫోన్ చేసి, గాలి సంగతి కనుక్కుని, విజయవాడలో ఎండ ఎలా ఉందండీ అని అడిగి గానీ వదిలేవాడు కాదు. రెండో రోజు వాళ్ల పడవ బోర్లాపడి కనిపించింది. మనుషులు లేరు.

మూడో రోజు పొద్దున తెర మీద ఇరవై మూడో లైను తెరుచుకుని ఉంది. ఎవరు చేశారన్న చోట నంబరు లేదు. హెలెన్ హెడ్‌ఫోన్ పెట్టుకుని వింది. మాట లేదు, ఊపిరి లేదు. చెక్కకి నీళ్లు తగులుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. పళ్లెం అంచుదాకా నిండి ఉంది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. చేదెక్కేంత ఉప్పు.

ఒక లైను పట్టేసినట్టుంది, మిషను ఒకసారి ఆపి వెయ్యమన్నారు జయపాల్ గారు.

"లైన్లో మనిషి ఉన్నాడండీ," అంది హెలెన్.

ఆయన వెళ్లి ఇంకో పళ్లెం తెచ్చిచ్చారు.

హెలెన్ నాగులు తల్లి పెద్దింట్లమ్మకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆవిడ ఏడవలేదు. అప్పట్నుంచీ పూటపూటా తనే ఫోన్ చేసి నీళ్ల రంగూ రుచీ అడుగుతూ వచ్చింది. హెలెన్ పుట్టి పెరిగిందంతా విజయవాడ. నీళ్లలో ఇన్ని రకాలున్నాయని ఆ నాలుగు రోజుల్లోనే తెలిసింది. ఆరో రోజు మధ్యాహ్నం పళ్లెంలో నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి.

"రుచి చూడమ్మా," అంది పెద్దింట్లమ్మ.

"ఉప్పు తగ్గిందండీ. వెనకాల వగరుగా ఉంది, పచ్చి వక్క నమిలినట్టు."

"అడుగున బురదుందా? ఎర్రదా, నల్లదా?"

"నల్లది. వెన్నలా ఉంది."

ఆవిడ ఫోన్ పక్కకి పెట్టి ఎవరికో గట్టిగా చెప్పడం హెలెన్‌కి వినపడింది. ఆ వగరూ నల్ల బురదా మడచెట్లవే, లైట్‌హౌసుకి తూర్పు పాయలోకి పడవలు తియ్యండి, మడచెట్ల లోపలికంటా పోండి అని.

చీకటి పడకముందే హేమసుందర్ దొరికాడు. మడవేళ్ల మధ్య, పడవ చెక్క మీద బోర్లా పడుకుని, పెదాలు పగిలి, ప్రాణంతో ఉన్నాడు. ఒక్కడే.

మర్నాడు పెద్దింట్లమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నోడి దగ్గర ఫోనే లేదట. ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెద్దోడు మొలకి కట్టుకున్నాడట. పడవ తిరగబడిన రోజే అన్న చెయ్యి జారిపోయిందట. ఆ తర్వాత చెక్కని వెనక నుంచి ఎవరో నెడుతూనే ఉన్నారట. తిరిగి చూడబోయినప్పుడల్లా తల మీద చల్లటి చెయ్యి పడి, మొహాన్ని ముందుకి తిప్పేదట.

మనిషి దొరికాడు గనక లైను మూసుకుంటుందనుకున్నారు ఆఫీసులో. మూసుకోలేదు. నీళ్లలో వగరు పోయింది. ఉప్పు మళ్లీ ఎక్కింది. రోజు రోజుకీ నీళ్లు చల్లబడుతూ, ఐసు పెట్టిన గ్లాసులా పళ్లెం బయటంతా చెమట పట్టేది. ముంచిన వేలు కొంకర్లు పోయేది. హెడ్‌ఫోన్లో చెక్క చప్పుడు కూడా ఆగిపోయింది. చెవిలో ఎవరో లోతుని పోసినట్టుండేది.

పదకొండో రోజు దాటింది. లైను ఉండగా కర్మ ఎలా చేస్తామన్నారు నాగులు ఊళ్లో పెద్దలు. కర్మ కాందే మైల పోదు. మైల పోందే పడవలు వేటకి కదలవు. ఊళ్లో ఉన్న పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. హేమసుందర్ ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఎవరు పిలిచినా మొహం తిప్పడు.

పద్నాలుగో రోజు హెలెన్ ఆ లైనుని తెంపే కమాండు టైపు చేసింది. ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. నొక్కలేకపోయింది. టైపు చేసిందంతా చెరిపేసి, నాగులు భార్య ఉషకి ఫోన్ చేసి, మీరొకసారి రావాలి అంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఉష బస్సు దిగి వచ్చింది. చిన్న మనిషి. పిల్లలిద్దర్నీ అత్త దగ్గర వదిలి వచ్చింది. పళ్లెం పక్కన నేల మీద కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. చెయ్యి నీలంగా అవుతున్నా తియ్యలేదు.

"దీన్ని ఇటు నుంచి కొయ్యొచ్చా అమ్మా?" అని అడిగింది.

"కొయ్యొచ్చు. ఎటునుంచైనా ఫోను పెట్టెయ్యొచ్చు."

"మీరు కొయ్యకండి."

హెలెన్ హెడ్‌ఫోన్ ఇచ్చి, మైకు ఆమె నోటి దగ్గరకి వంచింది. జయపాల్ గారు, ఆఫీసులో పనిచేసే ఇంకో ఇద్దరమ్మాయిలు వరండాలోకి వెళ్లారు. హెలెన్ కూడా వెళ్లబోతే ఉష ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆపింది.

"మావా, నేను ఉషని," అంది. కాసేపు విన్నది. "తమ్ముడు ఇంటికి చేరాడు. చూశావుగా. ఇంక వాడి వెనక నెట్టక్కర్లేదు. వాడు అన్నం తినట్లేదు, నువ్వింకా వెనకున్నావని తల తిప్పట్లేదు." మైకుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "పిల్లలు బాగున్నారు. చిన్నది బడికి పోతోంది. నాకు కోపం లేదు. చలిగా ఉంది కదా అక్కడ. పెట్టెయ్యి మావా."

ఏమీ జరగలేదు. చుక్క చుక్కగా నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఉష మళ్లీ అడగలేదు. హెడ్‌ఫోన్ చెవులకి నొక్కిపట్టుకుని కళ్లు మూసుకుంది. ఒకసారి తలూపింది, అవతల ఎవరో చెప్పింది సరేనన్నట్టు.

కారడం ఆగింది.

తెర మీద ఇరవై మూడో లైను ఖాళీ అయి, కింద ఒక వరస కొత్తగా పడింది. అందులో ఏముందో చదవమంది ఉష. అది ఇంగ్లీషులో ఉంది. హెలెన్ తెలుగులోకి తిప్పుకుంది.

"కారణం మామూలే. మాట్లాడటం అయిపోయింది," అని చదివింది. "అటువైపు వాళ్లే పెట్టేశారు."

ఉష హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. చెయ్యి ఇంకా నీలంగానే ఉంది. దాన్ని కొంగులో చుట్టుకుని, ఇంకో లైను మీద ఇంటికి కలిపి ఇమ్మంది. హెలెన్ కలిపింది.

"అత్తా," అంది ఉష, "రేపు కర్మ చేసేద్దాం. ఎల్లుండికి పడవలు తీసుకోమను. తమ్ముణ్ణి ఇటు తిప్పి కూర్చోబెట్టి అన్నం పెట్టు. ఇంక తిరుగుతాడు."