నీళ్లు ఒలికే దృశ్యం

మూడోసారి తీసిన షాటు కూడా పనికిరాదన్నారు. సతుర్నీనా రెండు బకెట్లూ మెట్టు మీద దించి, టోపీ తీసి దాంతోనే ముఖం తుడుచుకుంది.

"నేనేమైనా తప్పు చేశానా మాస్టారూ?"

"అబ్బే, బ్రహ్మాండంగా చేస్తున్నావమ్మా. కష్టం మాత్రం కనబడట్లేదు," అన్నాడు సినిమా పాఠాలు చెప్పే గొన్సాలో.

జనవరి, అక్కడ నడివేసవి ఎండ. లీమా ఊరి చివర మట్టికొండ. ఆ ఎండలో ఆ మెట్ల మీద పొద్దుటి నుంచి నీళ్లు మోస్తూ, సినిమా కోసం మళ్లీ కిందికి దించి మళ్లీ మోస్తున్న మనిషిలో కష్టం కనబడలేదట! పక్కనే మైకు కట్టిన పొడవాటి కర్ర పట్టుకుని నిలబడ్డ కూతురు లిసెత్‌కి ఒళ్లు మండింది.

పట్నంలో పెద్ద బడివాళ్లు వేసవి సెలవుల్లో పిల్లలకి సినిమా తీయడం నేర్పుతారు. సతుర్నీనా బజారు హోటల్లో గిన్నెలు తోమి రెండు నెలలు సంపాదించినా ఆ ఫీజుకి చాలదు. లిసెత్‌కి ఉచితంగా సీటిచ్చారు. తలా ఒక కథ రాయమంటే, ఇంటికి నీళ్లు చేరే కథ రాసింది. అందరికీ అదే నచ్చింది. తీరా పనులు పంచేసరికి కెమెరా, దర్శకత్వం ఫీజు కట్టిన మికాయెలా అనే అమ్మాయికి వెళ్లాయి.

"కథ నీదే కదా, ఇంకేం కావాలి?" అని లిసెత్ చేతికి కర్ర ఇచ్చాడు గొన్సాలో. సెలవుల తర్వాత ఏడాదంతా సాగే తరగతిలో ఉచిత సీటు ఒక్కటే ఉంది. అది ఎవరికివ్వాలో చెప్పేది కూడా ఆయనే. కర్ర పట్టుకోక ఏం చేస్తుంది?

"ఈసారి ఇక్కడ కాలు జారాలమ్మా," అన్నాడు గొన్సాలో. "నీళ్లన్నీ మెట్ల మీద ఒలికిపోవాలి. బడికి చందాలిచ్చే పెద్దలు చూడ్డానికొస్తారు. వాళ్ల కళ్లు చెమర్చాలి."

సతుర్నీనా నవ్వబోయి ఆగింది. నీళ్ల ట్యాంకరు మళ్లీ వచ్చేది శుక్రవారమే. డ్రమ్ము నీళ్లకి మూడు సోల్ కట్టాలి. ఈ పూట కొన్న డ్రమ్ములో వంటకీ వాడకానికీ పోగా మిగిలినవి ఈ రెండు బకెట్లే.

"మేం రెండు సీసాలు కొనిస్తాంలెండి ఆంటీ," అంది మికాయెలా. మంచి మనసుతోనే అంది.

"ఒలకబోస్తే మా పిల్లకి ఆ సీటొస్తుందా మాస్టారూ?"

"ఇప్పుడే ఎలా చెప్పను? సినిమా బాగుంటే మంచిదేగా."

"అయితే ఒలకబోస్తా."

"అమ్మా! శుక్రవారం దాకా ఏం తాగుతాం?"

"నోర్ముయ్యవే. పక్కింట్లో అడుక్కుంటాలే. నువ్వు నీ కర్ర సరిగ్గా పట్టుకో చాలు."

సతుర్నీనా మళ్లీ కిందికి దిగి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. లిసెత్ చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో తల్లి ఆయాసం ఒక్కటే వినబడుతోంది. ఇంట్లో రోజూ వినేదే, ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది, ఈ కథ రాసిచ్చింది తనే కదా అని.

చెప్పిన మెట్టు దగ్గర సతుర్నీనా ఎంతో శ్రద్ధగా కాలు వంకర పెట్టింది. లిసెత్ కర్ర కింద పడేసి, ఒక్క గెంతులో వెళ్లి వాలుతున్న బకెట్‌ని పట్టుకుంది.

"ఏయ్, అడ్డొచ్చావు! పక్కకి తప్పుకో!" గొన్సాలో అరిచాడు.

"తప్పుకోను సార్."

"సీటు సంగతి గుర్తుందా?"

"గుర్తుంది."

"ఒసేయ్, వదులు," తల్లి పళ్ల బిగువున అంది. "ఒక్క బకెట్టేగా, పోతే పోయింది. నీ చదువు పోతే మళ్లీ వస్తుందటే?"

"వదలనమ్మా."

"సార్, ఆపెయ్యమంటారా?" అని కెమెరా వెనక నుంచి మికాయెలా అడిగింది. మెట్ల మీద తల్లి ఒంపెయ్యాలని కిందికి లాగుతోంది, కూతురు ఒలకనివ్వకుండా పైకి లాగుతోంది.