అక్క గొంతు పోయిన రోజు

మొత్తం ఆరు రోజుల ప్రయాణం. మూడో రోజు మధ్యాహ్నానికి అక్క గొంతు పోయింది.

పోక ఏం చేస్తుంది, అనుకుంది చిన్నది. వ్యాను కదిలినప్పటి నుంచీ ఆవిడ నోటికి విరామం లేదు. ముందు రెండు సీట్లలో బావా, అక్కా. వెనక ఇంటి సామానంతా ఉంది. మడత మంచాలు, కుట్టు మిషను, పరుపుల చుట్ట, గిన్నెల మూటలు. వాటి సందులో మోకాళ్లు ముడుచుకుని చిన్నది. బావ ఇన్నాళ్లూ లారీ నడిపిన గోదాము మూతపడింది. దేశానికి ఆ చివర ఒక బడిలో బస్సు నడిపే పని దొరికింది, ఉండటానికి రెండు గదులు కూడా ఇస్తామన్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, తాళం చెవులు ఇచ్చేసి బయలుదేరారు.

“ఎడమపక్క గొర్రెలండీ, ఎన్నున్నాయో! అబ్బ, కుడివైపు నుంచి ఆ స్కూటరువాడు చూడండి, కొంపలంటుకున్నట్టు వస్తున్నాడు. వీడికి పెళ్లాం పిల్లలు లేరా? హమ్మయ్య, పోయాడు. అదిగో, ఈ పక్క గట్టు తెగిపోయింది.” ఇదే వరస, పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

“మా ఇంటి రేడియోకి మీట లేదు. పోనీ పాటలు వస్తాయా అంటే అవీ రావు, అన్నీ వార్తలే,” అనేవాడు బావ.

“వినేవాళ్లున్నారని చెబుతున్నా,” అనేది అక్క.

చిన్నదాన్ని బావ ‘మూగనోము’ అని పిలుస్తాడు. అక్క పెళ్లినాటికి దానికి ఆరేళ్లు. తల్లి పోయాక వాళ్లింట్లోనే పెరిగింది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఆ మధ్యాహ్నం టైరు పంక్చరై, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు ఆగారు. చుట్టూ బీడు. కనుచూపు మేరలో ఊరు లేదు. షెడ్డువాడు చక్రం విప్పుతూ వ్యాను పక్కనున్న గీతల్ని వేలితో తడిమాడు.

“ఏంటన్నా, దారిలో ఉన్న ప్రతి గోడకీ వీపు గోకుతూ వచ్చావా?”

బావ పెద్దగా నవ్వాడు. అక్క ఏదో అనబోయి నోరు తెరిచింది. మాటకు బదులు గాలి వచ్చింది.

“ఏమే, గొంతు పోయిందా?” అన్నాడు బావ.

పక్కనే నిలబడ్డ అక్క అవునన్నట్టు తలూపింది.

“నిన్నేనే, పోయిందా?” అన్నాడు మళ్లీ, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ.

అక్క చప్పున అతని ముందుకొచ్చి నిలబడి మళ్లీ తలూపింది. అప్పుడు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

చిన్నది నీళ్ల సీసా తీసుకెళ్లి బావ మోచేతి పక్కన పట్టుకుని నిలబడింది. ఏమీ అనలేదు. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టింది. పది దాటింది.

“మూగనోమూ, కాసిని నీళ్లు తేవే,” అని కేకేశాడు బావ, షెడ్డు దాటి వినబడేలా.

చిన్నది సీసా అతని చేతికి తగిలించి, వ్యాను వెనక్కి వెళ్లి పరుపుల చుట్టకు ఆనుకుంది.

ఇదంతా కొత్తగా చూసింది కాదు. ఏడాదిగా చూస్తూనే ఉంది. బావ గుమ్మానికి భుజం కొట్టుకుని, “ఈ ఇల్లు సన్నబడుతోందే” అని నవ్వడం చూసింది. చీకటి పడితే బండి తియ్యకపోవడం చూసింది. మంచం పక్కన చెప్పుల కోసం కాలితో వెతకడం చూసింది. దానికి చూడటం వచ్చింది గానీ, చూసినవాటిని ఒకచోట కలపడం రాలేదు. అక్క మాటల్ని సణుగుడు అనుకుంది. విసుగొచ్చి రెండుసార్లు చెవుల్లో దూది కూడా పెట్టుకుంది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. మెడకు తడిగుడ్డ చుట్టుకుంది.

“బావకి కనపడదా?” అంది చిన్నది.

“ఎందుకు కనపడదు?” అక్క గుసగుస గీరుకుపోతోంది. “ఎదురుగా ఉన్నవి కనపడతాయి. గొట్టంలోంచి చూసినట్టు.”

“పక్కనున్నవి?”

“పక్కనున్నవాటికి నేనున్నాగా.”

“డాక్టరు ఏమన్నాడు?”

“గొట్టం సన్నబడుతుందన్నాడు.”

“మరి ఆ బడివాళ్లు కంటిపరీక్ష చెయ్యలేదా?”

“మనూరి ఆస్పత్రిలోనే చేయించారు. గోడ మీద అక్షరాలు చదవమన్నారు. గోడ ఎదురుగానే ఉంటుంది కదే.”

“బస్సులో ఎవరు చెబుతారక్కా?”

“పిల్లల్ని ఎక్కించి దించే ఆయా పని నేను అడిగాను. ఇస్తామన్నారు. నా సీటు ఆయన పక్కనే.”

“పిల్లలక్కా.”

“పిల్లలని నాకు తెలీదా?” అక్క కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “ఒక్క ఏడాది. తర్వాత తోటపని అడుగుదాం. ఆయన చేతికి వచ్చిన పని ఇదొక్కటే. అదీ లేదంటే మనిషి మంచం దిగడు. నువ్వు చెప్పు, నన్నేం చెయ్యమంటావో. నువ్వు చెప్పిందే చేస్తా.”

చిన్నది ఆలోచించింది. దానికీ అక్కకీ బండి నడపడం రాదు. వెనక్కి వెళ్దామంటే ఇల్లు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఇక్కడ రెండూ ఇంచుమించు మూడేసి రోజుల దూరంలో ఉన్నాయి. బడివాళ్లకి ఉత్తరం రాయొచ్చు. రాస్తే ఆ రెండు గదులూ పోతాయి. రాయకపోతే ఏం పోతుందో తలుచుకోవడానికి కూడా దానికి ధైర్యం చాలలేదు.

“ఈ పూటకి నువ్వు ముందు కూర్చో,” అంది అక్క.

బావ అప్పటికే సీట్లో ఉన్నాడు. చిన్నది పక్కనెక్కి తలుపు వేసుకుంది.

“ఏం మూగనోమూ, ఇవాళ్టితో నోము తీరిపోయిందా?” అన్నాడు. వేళాకోళమే గానీ నవ్వలేదు. గేరు వేస్తూ, “ఏది కనపడితే అది చెప్పు. ఎక్కువైనా పర్లేదమ్మా. తక్కువ చెయ్యకు,” అన్నాడు.

వ్యాను రోడ్డెక్కింది. “ఎడమపక్క... ఇసుక గుట్ట,” అంది. బావ చేతులు కాస్త కుడికి తిరిగాయి. “సైకిలు మీద ఒకాయన.” వేగం తగ్గింది. “దాటేశాం.” వేగం పెరిగింది. తన మాటకు ఇంత బరువున్న బండి కదులుతోంది. ఈ ఇరవై రెండేళ్లలో దాని మాటకి ఇంట్లో గిన్నె కూడా కదల్లేదు. సంతోషించాల్సింది, భయమేసింది.

గంట గడిచింది. వెనక అక్క పరుపుల మీద నిద్రపోయింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి.

ఒకచోట రోడ్డు సూటిగా, ఖాళీగా ఉంది. “ఆపు బావా,” అంది చిన్నది.

ఎందుకని అడగలేదు. మాట పూర్తి కాకముందే బ్రేకు మీద కాలు పడింది. వ్యాను నడిరోడ్డు మీద ఆగిపోయింది. అంత నమ్మకం ఉంటుందని అది అనుకోలేదు.

“ఏముంది?” అన్నాడు.

“ఏం లేదు.”

బావ స్టీరింగు వదల్లేదు. ఎదురుగా చూస్తూ ఉండిపోయాడు.

“బడి బస్సు వద్దు బావా.”

“మీ అక్క చెప్పిందా?” అన్నాడు.

“నేనే చూశాను.”

“అవును. నువ్వు చూస్తావు.” మెల్లగా తలూపాడు. “మరి ఏం చేద్దాం? ఇక్కడ దిగిపోదామా ముగ్గురం?”

చిన్నది కిటికీలోంచి చూసింది. నీడ పట్టున నిలబడదామంటే ముళ్లపొద కూడా లేదు. బావ ఎగతాళిగా అడగలేదు. చెబితే దిగేసేలా ఉన్నాడు. దిగుదామని చెప్పడమే దానికి చేతకాలేదు.

వెనక నుంచి హారను గట్టిగా మోగింది.

“ఏమొస్తోంది?” అన్నాడు బావ.

“లారీ.”

“ఎంత దూరంలో?”

అద్దంలో చూసింది. “దగ్గరికొచ్చేసింది.”

“చెప్పమ్మా మరి. ఉండనా, పోనివ్వనా?”

హారను ఆగకుండా మోగుతోంది. వెనక అక్క నిద్రలో కదిలింది.

“పోనివ్వు,” అంది చిన్నది. “ఎడమ అంచుకి. ఇంకొంచెం. చాలు. లారీ పక్కకొచ్చింది బావా. దాటుతోంది. ఇంకా దాటుతోంది, పొడుగు లారీ. ఇంకా ఉంది. తొందరపడకు. ఇంకా ఉంది.”