పెరట్లో స్నానాలు

మొగల్తూరు దగ్గర సముద్రం మీద వేటకెళ్లే సత్తియ్య, తుఫానులో పడవ పోయాక రాజమండ్రిలో ఒక వృద్ధాశ్రమంలో పనికి కుదిరాడు. మంచం దిగలేని నలుగురు మగవాళ్లకు ఒళ్లు కడగడం, బట్టలు మార్చడం అతని పని. అక్కడి బాత్‌రూమ్ ఇరుకు, గచ్చు జారుడు. అందుకని నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని పెరట్లో కుళాయి దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, బట్టలన్నీ తీసేసి, పైపుతో నీళ్లు కొట్టేవాడు. గంటలో పని తెమిలిపోయేది. రెండేళ్లుగా అదే వరస.

ఒక ఆదివారం పొద్దున్న జగన్నాథరావుగారి వంతు వచ్చింది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. ఒంటికి సబ్బు రాస్తుండగా, ఆయన కూతురు హారతి, నాన్న గదిలో లేడని వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చేసింది. ఆయన ఎడమచేత్తో కప్పుకోబోయారు. ఒక్క చెయ్యి చాల్లేదు. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

"పర్లేదు, రండమ్మా! ఈ వయసులో ఆయనకి సిగ్గేంటండీ?" అని నవ్వాడు సత్తియ్య.

ఆ పూట కూతురు అన్నం తినిపించబోతే ఆయన నోరు తెరవలేదు. మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

మధ్యాహ్నం ఈ సంగతి వంటమనిషి జ్ఞానమ్మకు నవ్వుతూ చెప్పాడు సత్తియ్య. ఆవిడ నవ్వలేదు.

"రేపు నీకు కాలూ చెయ్యీ పడిపోతే, నీ కూతురి ముందు నిన్నూ అలాగే కూర్చోబెడతారు. అప్పుడూ నవ్వుతావా?" అని వంకాయలు తరుక్కుంటూ ఉండిపోయింది.

మర్నాడు జగన్నాథరావుగారు లుంగీ ముడి పట్టుకుని వదల్లేదు. సత్తియ్య విసుక్కుని లాగాడు. ఆయన పట్టు సడలలేదు. జ్ఞానమ్మ మాట అప్పుడు గుచ్చుకుంది అతనికి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తప్పయిపోయిందండీ," అన్నాడు.

బాత్‌రూమ్ గచ్చు మీద గోనెపట్టా పరిచాడు. ఆయన్ని ఎత్తుకెళ్లి కూర్చోబెట్టి, తలుపు గడియ వేసి, నడుంమీద తువ్వాలు కప్పాడు. "వీపు రుద్దుతానండీ." "తువ్వాలు కింద చెయ్యి పెడుతున్నానండీ." ప్రతిదీ చెప్పి మరీ చేశాడు. ఆయన కళ్లు తెరవలేదు. ఆ తర్వాత కూడా ఏనాడూ సత్తియ్య మొహంలోకి చూడలేదు.

తర్వాత వంతు చిట్టియ్యది. మాట పడిపోయిన ముసలాయన, చూడ్డానికి ఎవరూ రారు. ఏనాడూ పేచీ పెట్టలేదు కాబట్టి ఆయనకు ఏ పట్టింపూ లేదనుకునేవాడు సత్తియ్య. గడియ వేసి తువ్వాలు కప్పగానే చిట్టియ్య దాని అంచులు రెండు గుప్పిళ్లతోనూ బిగించి తొడలకు అదుముకున్నాడు. కళ్లవెంట నీళ్లు కారిపోయాయి.

సత్తియ్య తల ఎత్తలేకపోయాడు. వంగి, ఆయన పాదాలకు సబ్బు రాస్తూ చాలాసేపు ఉండిపోయాడు. ఆ రోజు నలుగురి స్నానాలూ అయ్యేసరికి పన్నెండు దాటింది.